బ్యాటరీ దానంతటదే పేలదు

"స్టవ్ పేలి గృహిణి మృతి." పత్రికలో ఏ మూలనో నాలుగు లైన్లలో వచ్చే ఈ వార్తని 1980లలో స్త్రీల ఉద్యమం నిలదీసి చదవడం మొదలుపెట్టింది. పేలిన స్టవ్ చెక్కు చెదరకుండా ఎలా ఉంది? వంటగది గోడకి మసి ఎందుకు అంటలేదు? స్టవ్‌లన్నీ కోడళ్ల చేతుల్లోనే ఎందుకు పేలుతున్నాయి? ఈ ప్రశ్నలు అడగబట్టే చట్టం కదిలింది. 1983లో భారత శిక్షాస్మృతిలోకి 498-ఏ వచ్చింది. 1986లో 304-బి వచ్చింది. దానికి తోడుగా సాక్ష్యాధారాల చట్టమూ మారింది. పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజంగా చనిపోయిన స్త్రీని చావుకి ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, ఆ చావుకి కారణం వాళ్లేనని కోర్టు భావించాలి. కాదని చూపించుకోవాల్సిన భారం వాళ్లదే. 2024 జులై నుంచి ఆ చట్టాల పేర్లు మారాయి కానీ ఈ సూత్రం మారలేదు. "ప్రమాదం" అనే మాటని నమ్మకపోవడం వల్ల సాధించుకున్నది ఇది.

ఆ పాత ప్రశ్ననే ఇప్పుడు ఇంకోరకం వార్తల ముందు పెట్టాలి. "బ్యాటరీ పేలి ఒకరి మృతి", "నడుస్తున్న కారులో మంటలు", "బస్సు దగ్ధం". ఈ చావులూ ఆ చావులూ ఒకటేనని చెప్పడం లేదు. అక్కడ అగ్గిపుల్ల గీసిన చెయ్యి ఒకటి ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ చంపాలనుకోరు. కానీ లోపం ఉందని తెలిసినవాళ్లు ఉండొచ్చు. సరిచేస్తే ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకున్నవాళ్లు ఉండొచ్చు. ఇంకొన్నాళ్లు చూద్దామని ఫైలు పక్కన పెట్టినవాళ్లు ఉండొచ్చు. ఉన్నారో లేదో ఎవరూ అడగకుండా చేసేది "ప్రమాదం" అన్న ఆ ఒక్క మాటే.

2022 వేసవిని గుర్తు తెచ్చుకుందాం. మార్చి చివర్లో తమిళనాడులోని వేలూరులో రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ అంటుకుని తండ్రి, పదమూడేళ్ల కూతురు పొగకి ఊపిరాడక చనిపోయారు. ఏప్రిల్ మూడో వారంలో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ రాత్రిపూట పేలి ఎనభై ఏళ్ల వృద్ధుడు చనిపోయాడు. ఇంట్లో మిగతావాళ్లకి గాయాలయ్యాయి. మళ్లీ కొద్దిరోజులకే విజయవాడలో, ముందురోజు కొన్న బండి బ్యాటరీ పడకగదిలో పేలి ఇంటాయన చనిపోయాడు. భార్య, పిల్లలు గాయపడ్డారు. ఈ మూడు చోట్లా బండి రోడ్డు మీద లేదు. ఎవరూ వేగంగా నడపలేదు, ఎవరూ తాగి నడపలేదు. ఇంటిల్లిపాదీ నిద్రపోయే వేళ, ఇంట్లోనే మంట లేచింది.

ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, నిర్లక్ష్యం రుజువైతే కంపెనీలకి భారీ జరిమానా వేస్తామని, లోపం ఉన్న బళ్లన్నీ వెనక్కి తీసుకోమని ఆదేశిస్తామని, ఈలోగా కంపెనీలు తమంతట తామే ఆ పని చెయ్యవచ్చని ప్రకటించారు. ఒకినావా 3,215 బళ్లని, హైదరాబాద్‌కి చెందిన ప్యూర్ ఈవీ 2,000 బళ్లని, ఓలా ఎలక్ట్రిక్ 1,441 బళ్లని వెనక్కి పిలిచాయి. మొత్తం 6,656. ఇవన్నీ కంపెనీలు స్వచ్ఛందంగా చేసినవే. ప్రభుత్వం డీఆర్‌డీఓ ప్రయోగశాల చేత పరీక్షలు చేయించింది. బ్యాటరీల్లో లోపాలు బయటపడ్డాయి. ఆ తర్వాత బ్యాటరీ భద్రతకి సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి చివరి నుంచి ఇంకో విడత అమల్లోకి తెచ్చారు. మంచిదే. కానీ ఒక్క మాట. ఆ పరీక్షలు బళ్లు అమ్మకముందే ఎందుకు జరగలేదు? మన ఇళ్లు ప్రయోగశాలలయ్యాకే ప్రమాణాలు గుర్తొచ్చాయా?

బ్యాటరీ ఎందుకు కాలుతుందో మనం తెలుసుకోవాలి. తెలియకపోతే "మీరే సరిగా వాడలేదు" అన్న మాటకి తలవంచాల్సి వస్తుంది. స్కూటర్ బ్యాటరీ అంటే వందల కొద్దీ చిన్న సెల్స్ కలిపిన పెట్టె. ఒక సెల్‌లో లోపల్లోపల షార్ట్ అయితే వేడి పుడుతుంది. ఆ వేడి పక్క సెల్‌కి, అక్కడినుంచి ఇంకో సెల్‌కి పాకుతుంది. మండే వాయువులు, విషవాయువులు వస్తాయి. ఒకసారి మొదలయ్యాక ఆర్పడం చాలా కష్టం. సెల్స్ మధ్య తగిన అడ్డు ఉంచడం, వేడెక్కగానే కరెంటు ఆపేసే యంత్రాంగం పెట్టడం, దానికి సరిపోయే ఛార్జర్ ఇవ్వడం, ఇవన్నీ తయారుచేసేవాళ్ల పనులు. వాటిలో ఏ ఒక్కటీ ఇంట్లో ప్లగ్గు పెట్టే మనిషి చేతిలో లేదు. పెట్రోలు బండయితే గొట్టం లీకవడం, వైర్లు ఒరుసుకుని షార్ట్ అవడం కారణాలవుతాయి. అక్కడా అంతే. కొన్నవాళ్లకి కనపడని చోటే లోపం ఉంటుంది.

తయారీలో లోపం బయటపడినప్పుడు అప్పటికే అమ్మిన బళ్లని కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచెయ్యడాన్నే రీకాల్ అంటున్నాం. వినడానికి కంపెనీ చేసే ఉపకారంలా ఉంటుంది. దాని చరిత్ర చూస్తే అది ఉపకారం కాదని, బాధితులు కొట్లాడి తెచ్చుకున్నదని అర్థమవుతుంది.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1970లో పింటో అనే చవక కారు తెచ్చింది. దాని పెట్రోలు ట్యాంకు వెనక ఇరుసుకి అవతల ఉండేది. వెనకనుంచి ఇంకో బండి గుద్దితే ట్యాంకు చిట్లి పెట్రోలు కారేది. ఈ సంగతి కంపెనీ సొంత పరీక్షల్లోనే తేలిందని తర్వాత కోర్టులో బయటపడింది. 1972లో కాలిఫోర్నియాలో అలా కాలిన ఒక పింటోలో నడుపుతున్న స్త్రీ చనిపోయింది, పదమూడేళ్ల పిల్లవాడు ఒళ్లంతా కాలి బతికాడు. ఆ కేసులో 1978లో జ్యూరీ కంపెనీకి పన్నెండున్నర కోట్ల డాలర్ల శిక్షా పరిహారం వేసింది. న్యాయమూర్తి దాన్ని 35 లక్షలకి తగ్గించారు. ఆ ఏడాది జూన్‌లో ఫోర్డ్ 15 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. చేసిన మరమ్మతు ఏమిటి? ట్యాంకుకి ఒక ప్లాస్టిక్ కవచం, కొంచెం పొడుగు పెట్రోలు గొట్టం. దానికోసం ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ కాలంలోనే ఫోర్డ్ కంపెనీ ప్రభుత్వానికి పంపిన ఒక లెక్క ఉంది. కేవలం పింటో గురించి కాదు, బళ్లు బోల్తాపడ్డప్పుడు పెట్రోలు కారకుండా ఉండాలన్న నిబంధనని వ్యతిరేకిస్తూ దేశంలోని అన్ని కార్లకీ, చిన్న ట్రక్కులకీ కలిపి వేసిన లెక్క. కోటీ పాతిక లక్షల బళ్లు, బండికి 11 డాలర్లు, మొత్తం 13 కోట్ల 70 లక్షల డాలర్ల ఖర్చు. ఆదా ఎంత? 180 చావులు, ఒక్కోటి రెండు లక్షల డాలర్లు. 180 మందికి కాలిన గాయాలు, ఒక్కోటి 67 వేలు. 2,100 కాలిన బళ్లు, ఒక్కోటి 700. మొత్తం 4 కోట్ల 95 లక్షలు. కాబట్టి గిట్టుబాటు కాదు!

ఇందులో మనం ఆగి చూడాల్సింది ఆ రెండు లక్షల దగ్గర. ఆ అంకె కంపెనీ సొంతంగా కట్టింది కాదు, 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థే కట్టి ఇచ్చింది. అందులో సుమారు లక్షా 73 వేలు చనిపోయిన మనిషి బతికుంటే చెయ్యగలిగే ఉత్పత్తి కింద వేసినవి. బాధకీ నొప్పికీ పది వేలు. అంత్యక్రియలకి 900. అంటే ప్రాణం విలువ అంటే సంపాదన విలువే. మరి జీతం తీసుకోకుండా ఇల్లంతా మోసే మనిషి విలువ ఏమిటి? మన దేశంలోనూ ఇదే ప్రశ్న. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన పట్టిక ప్రకారం సంపాదన లేనివాళ్ల ఆదాయం ఏడాదికి 15,000 రూపాయలు. భార్య అయితే సంపాదించే భర్త ఆదాయంలో మూడో వంతు. ఆ పట్టిక చాలా ఏళ్లు నడిచింది. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీం కోర్టు గృహిణి సేవల్ని నెలకి 3,000 రూపాయలుగా లెక్కగట్టింది. 2010లో ఆ మూడో వంతు లెక్కనే కోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ఇంటిపనికి విలువ కట్టడం ఆ పని చేసే స్త్రీల శ్రమని గుర్తించడమేనని రాశారు. ఇంత దూరం రావడానికే ఇన్నేళ్లు పట్టింది. ప్రాణం చవకైన చోట కంపెనీ లెక్కలో మరమ్మతు ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తుంది. అందులోనూ ముసలివాళ్ల ప్రాణం, పిల్లల ప్రాణం, ఇంట్లో ఉండే స్త్రీ ప్రాణం ఇంకా చవక. రాత్రిపూట ఇంట్లో బ్యాటరీ పేలితే కాలేది సరిగ్గా వీళ్లే.

పింటో కథలో ఇంకొక ముక్క ఉంది. 1978 ఆగస్టులో ఇండియానా రాష్ట్రంలో ముగ్గురు ఆడపిల్లలు పింటోలో వెళ్తూ వెనకనుంచి వ్యాను గుద్దడంతో కాలిపోయారు. అప్పటికి రీకాల్ ప్రకటించి రెండు నెలలయింది. ఆ కుటుంబానికి కంపెనీ ఉత్తరం అందింది పిల్లలు పోయిన కొన్ని నెలల తర్వాత. ఆ రాష్ట్ర ప్రాసిక్యూటర్ ఫోర్డ్ మీద నరహత్య కేసు పెట్టాడు. ఒక కార్ల కంపెనీని అలా క్రిమినల్ కోర్టు బోనెక్కించడం అదే మొదలు. 1980 మార్చిలో జ్యూరీ నిర్దోషి అని తీర్పిచ్చింది. కేసు ఓడినా ఒక మాట మిగిలింది. ప్రకటన వేరు, కబురు అందడం వేరు.

ఈ మాట మన ఇళ్లకి అన్వయించి చూడండి. రీకాల్ కబురు ఎవరికి వస్తుంది? ఆర్‌సీలో పేరున్నవాళ్లకి, షోరూంలో ఇచ్చిన ఫోను నంబరుకి. మన ఇళ్లలో ఆ పేరూ ఆ నంబరూ ఎక్కువగా మగవాళ్లవే. డ్వాక్రా అప్పు ఆమె పేరున ఉంటుంది, బండి అతని పేరున ఉంటుంది. వాయిదా ఆమె కడుతుంది, మెసేజ్ అతనికి వస్తుంది. అదీ ఇంగ్లీషులో వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండయితే, పేరు మార్పించుకోకపోతే, ఆ కబురు పాత యజమానికి పోతుంది. రాత్రి ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే తీసి, ఆ బ్యాటరీ పక్కనే చాప పరుచుకుని పిల్లల్ని పడుకోబెట్టే మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు.

మన దేశంలో 2021 దాకా రీకాల్ కంపెనీల ఇష్టమే. 2010లో నానో కార్లు కొన్ని కాలినప్పుడు టాటా కంపెనీ అమ్మిన కార్లన్నిటికీ అదనపు రక్షణ ఏర్పాట్లు ఉచితంగా బిగిస్తామంది గాని, ఇది రీకాల్ కాదని చెప్పింది. 2012 జులైలో తయారీదారుల సంఘం ఒక స్వచ్ఛంద నియమావళి తెచ్చుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఏ సెక్షన్ చేర్చాక, 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు వచ్చాక, లోపం ఉన్న బళ్లని వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ఆదేశిస్తే కంపెనీ డబ్బు తిరిగివ్వాలి, లేదా బండి మార్చివ్వాలి, లేదా బాగుచెయ్యాలి. పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. ఏడేళ్లు దాటని బళ్లకే ఈ నిబంధనలు. పేదవాళ్లు కొనే పాత బళ్లు చాలావరకు ఈ రక్షణ బయటే ఉండిపోతాయి.

ఆ సెక్షన్‌ని స్త్రీల కళ్లతో చదవాలి. లోపం వల్ల పర్యావరణానికి గాని, నడిపేవాళ్లకి గాని, బండిలో కూర్చున్నవాళ్లకి గాని, రోడ్డు వాడుకునే ఇతరులకి గాని హాని కలగవచ్చని ఉండాలి. నిజామాబాద్‌లో చనిపోయిన ముసలాయన వీళ్లలో ఎవరు? ఆయన బండి నడపలేదు, ఎక్కలేదు, రోడ్డు మీద లేడు. తన ఇంట్లో నిద్రపోతున్నాడు. వేలూరు అమ్మాయి ఎవరు? బండి అంటే రోడ్డు మీదే ఉంటుందని, రోడ్డు మీద ఉండేవాళ్లకే దానితో ప్రమాదమని చట్టం రాసినవాళ్లు అనుకున్నారు. ఇల్లు వాళ్ల ఊహలోకి రాలేదు. ఇల్లు చట్టం ఊహలోకి రాకపోవడం మనకి కొత్త కాదు. గృహహింస చట్టం 2005 దాకా రాలేదు కదా.

అదే సెక్షన్‌లో మనకి పనికొచ్చే మాట కూడా ఒకటుంది. లోపం గురించి ప్రభుత్వానికి చెప్పేవాళ్లు మూడు రకాలు. నిర్ణీత శాతం యజమానులు, పరీక్షా సంస్థ, "లేదా ఇతర ఏ ఆధారమైనా". ఆ మూడో రకం మనం కావచ్చు. మహిళా సంఘం రాసిన నిజనిర్ధారణ నివేదిక కూడా ఒక ఆధారమే.

కంపెనీల జవాబు మనకి తెలిసిందే. వాడేవాళ్లు సొంత ఛార్జర్లు వాడుతున్నారు, రాత్రంతా ఛార్జింగ్ వదిలేస్తున్నారు, ఇంట్లో పెడుతున్నారు అంటారు. అమెరికాలో 2021లో జనరల్ మోటార్స్ తన బోల్ట్ ఎలక్ట్రిక్ కార్లన్నిటినీ, సుమారు లక్షా నలభై వేలు, బ్యాటరీ మంటల భయంతో వెనక్కి పిలుస్తూ, ఈలోగా కారుని ఆరుబయట పెట్టండి, రాత్రి ఛార్జింగ్ పెట్టి వదిలెయ్యకండి అని చెప్పింది. ఆవరణ ఉన్న ఇళ్లకి ఆ సలహా సరిపోతుంది. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న అద్దె పోర్షన్‌లో ఆరుబయట ఎక్కడుంది? బయట పెడితే దొంగలపాలు. లోపల పెడితే ఒకపక్క గ్యాస్ బండ, ఒకపక్క మంచం. పగలంతా బండి మీద తిరిగి బతికే కుటుంబం రాత్రి కాకుండా ఎప్పుడు ఛార్జింగ్ పెట్టుకోవాలి? ఈ దేశంలో అమ్మే బండి ఈ దేశంలోని ఇళ్లకి తగ్గట్టు తయారవ్వాలి. తీసి ఇంట్లోకి తెచ్చుకునే బ్యాటరీ అని ప్రకటనల్లో గొప్పగా చెప్పి అమ్మినవాళ్లే, ఇంట్లోకి ఎందుకు తెచ్చారని అడగడం ఏం న్యాయం?

ఎలక్ట్రిక్ బళ్లు వద్దని ఎవరూ అనడం లేదు. పెట్రోలు ఖర్చు లేకుండా బడికి, ఆఫీసుకి, సంఘం మీటింగుకి సొంతంగా వెళ్లగలగడం ఎంతోమంది స్త్రీలకి నిజమైన స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ ఇంట్లోవాళ్ల ప్రాణాలకి పూచీ లేకుండా రాకూడదనే ఈ గొడవంతా. పెట్రోలు, డీజిలు బళ్లూ కాలుతూనే ఉన్నాయి. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టుని గుద్ది డీజిలు ట్యాంకు పగిలి 45 మంది సజీవ దహనమయ్యారు. డ్రైవర్ తప్పు, ట్రావెల్స్ తప్పు పేపర్లనిండా చదివాం. గుద్దిన బస్సు నిమిషాల్లో చితిగా మారడానికి దాని నిర్మాణంలో ఏముంది అన్న ప్రశ్నకి మాత్రం అంత చోటు దొరకలేదు. డ్రైవర్ పేరు వెంటనే దొరుకుతుంది. నమూనా గీసినవాళ్ల పేరు, దానికి అనుమతి ఇచ్చినవాళ్ల పేరు ఎఫ్‌ఐఆర్‌లోకి రావడం అరుదు.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. నిబంధనల ప్రకారం వాడుతున్న బండి తగలబడి మనిషి చనిపోతే, లోపం లేదని చూపించాల్సిన భారం తయారీదారు మీద ఉండాలి. పరిహారం కోసం లోపాన్ని రుజువు చెయ్యాల్సిన బరువు ఇవాళ బాధితుల నెత్తిన ఉంది. కాలిపోయిన బ్యాటరీ బూడిద తప్ప వాళ్ల చేతిలో ఏముంటుంది? పరీక్షల ఫలితాలు, ఫిర్యాదుల రికార్డులు ఉన్నది కంపెనీ దగ్గర. తెలిసినవాళ్లే చెప్పాలి అన్న న్యాయాన్ని వరకట్న చావుల్లో మనం సాధించుకున్నాం. అదే న్యాయం ఇక్కడా అడుగుతున్నాం. 110-ఏలో ఇంట్లో ఉన్నవాళ్లని కూడా చేర్చాలి. ఏ కంపెనీ బళ్లు ఏ ఊళ్లో ఎన్ని కాలాయో ప్రభుత్వం ప్రతి మూడు నెలలకీ ప్రకటించాలి. రీకాల్ కబురు తెలుగులో, రేషన్ షాపు దగ్గర, గ్రామ పంచాయతీలో, మహిళా సమాఖ్య మీటింగులో తెలియాలి.

ఈలోగా మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. ఎక్కడైనా బండి కాలి ఎవరైనా గాయపడితే, చనిపోతే, మొదట అక్కడికి వెళ్లాలి. పంచనామా కాకుండా కాలిన బండిని, బ్యాటరీని, ఛార్జర్‌ని కంపెనీ మనుషుల చేతికి ఇవ్వనివ్వకూడదు. బిల్లు, వారంటీ కార్డు, సర్వీసుకి ఇచ్చిన రసీదులు, కంపెనీకి చేసిన ఫోన్లు, మెసేజ్‌లు దాచిపెట్టించాలి. అగ్నిమాపక శాఖ నివేదిక కాపీ అడగాలి. ఎఫ్‌ఐఆర్‌లో షోరూంతో ఆగకుండా తయారీ కంపెనీ పేరు కూడా రాయించాలి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవాళ్ల అంగీకారంతో వాడేవాళ్లు కూడా వినియోగదారులే. బండి భర్త పేరున ఉందని భార్య ఫిర్యాదుని కాదనడానికి వీల్లేదు. 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 110-ఏ కింద ఇప్పటిదాకా ఎన్ని ఆదేశాలు ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. సంఘాల మీటింగుల్లో పొదుపు లెక్కలతో పాటు, ఎవరింట్లో ఏ కంపెనీ బండి ఉందో, దానికి రీకాల్ వచ్చిందో లేదో కూడా ఒకసారి చూసుకోవచ్చు. అరగంట పని.

స్టవ్ దానంతటదే పేలదని చెప్పినప్పుడు మనల్ని చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. ప్రతి చావులోనూ కుట్ర వెతుకుతారన్నారు. మనం వెతికింది కుట్రని కాదు, కారణాన్ని. బ్యాటరీ కూడా దానంతటదే పేలదు. దాన్ని ఎవరు తయారుచేశారు, ఎవరు పరీక్షించారు, ఎవరు అనుమతించారు, లోపం ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎన్ని రోజులు ఊరుకున్నారు? ఈ అయిదు ప్రశ్నలకి జవాబు రానంతవరకు ఏ పోలీసు స్టేషన్‌లోనూ ఆ ఫైలు మీద "ప్రమాదం" అని రాయనివ్వకూడదు.